ఇంటర్వ్యూకు వెళ్ళే బిడ్డకు ఆత్మవిశ్వాసం ఎలా వస్తుంది?



ఇంట్లో ఒకరు మంచం పట్టిన సమయంలోనే మరొకరికి ఇంటర్వ్యూ పిలుపు వస్తుంది. రాత్రంతా తండ్రి పక్కన కూర్చున్న కొడుకో కూతురో తెల్లవారుజామున బస్సు ఎక్కాలి. మిర్యాలగూడ రైస్ మిల్లుల్లోనో, మేళ్ళచెరువు, మఠంపల్లి సిమెంటు ఫ్యాక్టరీల్లోనో, దామరచర్ల విద్యుత్ కేంద్రంలోనో పని దొరికితే ఇంటికి దగ్గర. లేకపోతే సూర్యాపేట, కోదాడ పిల్లలకైనా హైదరాబాదు ప్రయాణమే. మందుల ఖర్చు, బాకీలు, చెల్లెలి చదువు అన్నీ ఆ ఉద్యోగం మీదే ఆధారపడి ఉంటాయి. అందుకే పెద్దలు ఆందోళనతో "ఇది రాకపోతే మన గతి ఏమిటి?" అంటారు. కాని ఆ మాట బిడ్డ నెత్తిన ఇంకో బరువు పెడుతుంది.

ప్రభుత్వ ఉద్యోగాలలో ఇంటర్వ్యూలు తగ్గిన మాట నిజమే. కేంద్ర ప్రభుత్వం 2016 జనవరి నుండి గ్రూప్-సి, గెజిటెడ్ కాని గ్రూప్-బి ఉద్యోగాలకు తీసివేసింది. తెలంగాణలో 2022లో గ్రూప్-1, గ్రూప్-2లకు కూడా తీసివేశారు. కాని కంపెనీలు, ప్రైవేటు ఆసుపత్రులు, పాఠశాలల్లో ఎదురుగా కూర్చుని మాట్లాడక తప్పదు.

మరి ధైర్యం ఎక్కడి నుండి వస్తుంది? ఆల్బర్ట్ బండూరా అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1977లో దీనిని వివరించారు. "నేను ఈ పని చేయగలను" అనే నమ్మకానికి అన్నిటికంటే గట్టి పునాది, ఆ పనిని స్వయంగా ఒకసారి చేసి ఉండడం. ఇతరులు చెప్పే "నువ్వు చేయగలవు" అనే మాట బలం అంతకంటే చాలా తక్కువ. కనుక "భయపడకు" అని పదిసార్లు చెప్పే బదులు, ఒకసారి ఎదురుగా కూర్చుని ప్రశ్నలు అడగండి.

దీనికి చదువు అవసరం లేదు. ఆసుపత్రి వరండాలో బెంచీ మీద కూర్చుని అయినా చేయవచ్చు. "మీ గురించి చెప్పండి", "ఈ పని మీకెందుకు?", "మీకు ఏం వచ్చు?" అని మీరు అడగండి. బిడ్డ మనసులో అనుకోవడం కాదు, నోరు విప్పి పైకి చెప్పాలి. మొదటిసారి తడబాటు తప్పదు, నవ్వకండి. నాలుగోసారికి మాట దారిన పడుతుంది. తెలియని ప్రశ్న కూడా ఒకటి కావాలనే అడగండి. "క్షమించండి, నాకు తెలియదు, నేర్చుకుంటాను" అని తలెత్తి చెప్పడం కూడా అలవాటు కావాలి.

"ఈ ఏడాది ఎందుకు ఖాళీగా ఉన్నారు?" అనే ప్రశ్నకు చాలామంది తల దించుకుంటారు. నాన్న జబ్బు వల్ల అయితే ఆ సంగతి ఒక్క వాక్యంలో చెప్పమనండి. మందుల వేళలు తప్పకుండా చూడడం, బిల్లులు సరిచూడడం, డాక్టరుతో మాట్లాడడం కూడా పని చేయడమే. దాచవలసింది ఏమీ లేదు.

తెలుగు మీడియం పిల్లలకు ఇంగ్లీషు అంటేనే సగం భయం. శ్రీకాకుళం జిల్లా పల్లెటూరి నుండి వచ్చిన రోణంకి గోపాలకృష్ణ 2016 సివిల్ సర్వీసుల పరీక్షను తెలుగులోనే రాసి దేశంలో 3వ ర్యాంకు తెచ్చుకున్నారు. ప్రైవేటు కంపెనీలో అన్నిచోట్లా తెలుగు చెల్లదు, అది కూడా నిజం. చిన్న చిన్న ఇంగ్లీషు వాక్యాలతో సొంత పరిచయం పది రోజులు పైకి చెప్పుకుంటే చాలావరకు సర్దుకుంటుంది. మీ వీధిలో ఉద్యోగం చేస్తున్న అబ్బాయినో అమ్మాయినో ఒక గంట కూర్చోమని అడగండి. పత్రికలో ఫోటో చూసినదాని కంటే అది ఎక్కువ పని చేస్తుంది.

ఇక శరీరం సంగతి. గుండె దడ, అరచేతుల్లో చెమట, నోరు ఎండిపోవడం పిరికితనం కాదు, జబ్బూ కాదు. మూత్రపిండాలపైన ఉండే గ్రంథుల నుండి అడ్రినలిన్ విడుదలై శరీరాన్ని పనికి సిద్ధం చేస్తుంది. ఊపిరి మెల్లగా తీసుకుని, తీసుకున్న దానికంటే ఎక్కువసేపు వదులుతూ ఐదు నిమిషాలు కూర్చుంటే గుండె వేగం తగ్గుతుంది. నోరు ఎండితే గుక్కెడు నీళ్ళు చాలు. 2014లో అమెరికాలో వెలువడిన ఒక పరిశోధనలో, ప్రసంగానికి ముందు "నాకు ఉత్సాహంగా ఉంది" అని తమకు తాము చెప్పుకున్నవారు, భయాన్ని అణచుకోవడానికి ప్రయత్నించిన వారికంటే మెరుగ్గా మాట్లాడారు.

దయచేసి ఒక పని మాత్రం చేయకండి. రోగి కోసం రాసిన దడ తగ్గే మాత్రనో, నిద్ర మాత్రనో "ఒక్కటే కదా" అని బిడ్డకు ఇవ్వవద్దు. ప్రొప్రనలాల్ ఉబ్బసం ఉన్నవారికి ప్రాణాపాయం తేవచ్చు. ఆల్ప్రాజోలం మత్తు తెచ్చి, జవాబు గుర్తుకు రాకుండా చేస్తుంది. వారాల తరబడి నిద్ర పట్టకపోయినా, భయంతో వచ్చిన పిలుపులన్నీ వదులుకుంటున్నా డాక్టరును కలవండి. 2022లో ప్రారంభమైన ప్రభుత్వ టెలి-మానస్ సేవ 14416 నంబరులో ఉచితంగా, తెలుగులో కూడా దొరుకుతుంది.

ఇంటర్వ్యూకు ముందు రెండు రాత్రులు రోగి దగ్గర ఉండే పని మరొకరు తీసుకోండి. వార్డులో నేల మీద కునికిపాట్లు పడి లేచినవారికి తెలిసిన జవాబు కూడా నోటికి రాదు. బంధువులను సహాయం అడగడానికి మొహమాటపడకండి. ఎల్.బి. నగర్ దగ్గర బస్సు ఎంతసేపు ఆగుతుందో ఎవరూ చెప్పలేరు కాబట్టి, వీలైతే ముందు రోజే చేరుకోవడం మంచిది. ఉదయం కడుపు ఖాళీగా పంపవద్దు. రెండు ఇడ్లీలు, ఒక్క కప్పు టీ చాలు. సర్టిఫికెట్లు రాత్రే సర్ది పెట్టించండి.

సాయంత్రం తిరిగి వచ్చాక ముందు అన్నం పెట్టండి. "వస్తుందా, రాదా?" అని కాకుండా "ఏమేమి అడిగారు?" అని అడగండి. ఆ ప్రశ్నలన్నీ మరచిపోకముందే ఒక నోటు పుస్తకంలో రాయించండి. తరువాతి ఇంటర్వ్యూకు బెంచీ మీద మీరు అడగవలసినవి అవే.