చెత్త బండికి విద్యుత్ చోదకం: మోటారు ఎంత, గేరు ఎంత, బ్యాటరీ ఎంత?

ఇంటింటి చెత్తను సేకరించే మూడు చక్రాల బండిని విద్యుత్తుతో నడపదలచినప్పుడు అందరూ మొదట అడిగేది మోటారు ఎన్ని కిలోవాట్లని. ఆ ప్రశ్న అవసరమైనదే గాని, దానితో ఆరంభించరాదు. బండి రోజంతా చేసే పని ఏమిటో ముందు చూడాలి. తెల్లవారుజామున డిపో నుండి బయలుదేరుతుంది. సందులో పది గజాలు కదిలి ఆగుతుంది, పౌరకార్మికులు బుట్టలెత్తి పోస్తారు, మళ్లీ కదులుతుంది. ఇట్లు దినానికి మూడువందల సార్లయినా ఆగి కదలవచ్చు. చివరకు నిండు బరువుతో చెత్త దింపే చోటి ర్యాంపు ఎక్కాలి. అక్కడ బండి మొరాయిస్తే దానిని నెట్టవలసినవారు ఆ పౌరకార్మికులే. ఈ పాఠంలోని లెక్కలు ఆ ఒక్క నిమిషాన్ని మనసులో పెట్టుకొని చేసినవి.

బండి, బ్యాటరీ, చెత్త, ఇద్దరు మనుషులు కలిసి 1,000 కిలోల బరువనుకొందాం. సాధారణమైన రోడ్డుపై టైర్ల నిరోధం బరువులో సుమారు నూటికి రెండు వంతులు, అనగా దాదాపు 200 న్యూటన్లు. గుంతల సందులో ఇది 300 వరకు పోవచ్చు. గంటకు 20 కిలోమీటర్ల వేగంలో గాలి నిరోధాన్ని విడిచిపెట్టినా పెద్ద తప్పు రాదు. ఇక ర్యాంపు సంగతి. పది మీటర్లకు ఒక మీటరు ఎత్తు లేచే వాలుపై బరువే వెనుకకు 980 న్యూటన్లతో లాగుతుంది. టైర్ల నిరోధం కలిపితే సుమారు 1,180. ఆ వాలుపైనే ఆగి తిరిగి కదలాలంటే మరో 300 కావాలి. మొత్తం 1,480 న్యూటన్లు. చదునైన రోడ్డుపై కావలసిన బలానికి ఇది ఏడు రెట్లకు పైగా ఉన్నదని గమనించండి.

చక్రపు వ్యాసార్ధం పావు మీటరు అయితే ఇరుసు వద్ద కావలసిన తిప్పుడు బలం, అనగా టార్కు, 370 న్యూటన్ మీటర్లు. దీనిని మోటారు నేరుగా ఇవ్వదు. గేరు పెట్టె ద్వారా ఇస్తుంది. గేరులో నూటికి పది వంతులు వృథా అవుతుందనుకొంటే, 10:1 గేరుతో మోటారు 41 న్యూటన్ మీటర్లు ఇవ్వాలి. 14:1 గేరుతో 29 చాలు. 3,000 చుట్ల వద్ద 3 కిలోవాట్ల మోటారు ఎడతెగకుండా ఇవ్వగలిగినది సుమారు తొమ్మిదిన్నర న్యూటన్ మీటర్లే. మిగిలినదంతా కొద్ది సెకన్లపాటు అరువు తెచ్చుకొనే బలం.

ఆ అరువుకు వడ్డీ వేడి రూపంలో కట్టాలి. టార్కు పెరిగితే కరెంటు అదే పాళ్లలో పెరుగుతుంది. తీగచుట్టలో పుట్టే వేడి మాత్రం కరెంటు వర్గాన్ని అనుసరించి పెరుగుతుంది. టార్కు రెట్టింపయితే వేడి నాలుగింతలు. కావున 10:1 బదులు 14:1 గేరు వాడితే, అదే మోటారులో అదే ర్యాంపుపై పుట్టే వేడి దాదాపు సగమవుతుంది. ఇందుకు మనం వదులుకొనేది గరిష్ఠ వేగం: గంటకు 28 కిలోమీటర్ల నుండి 20కి దిగుతుంది. సందులలో తిరిగే బండికి ఇది నష్టమని నేననుకోను. బండి ఎంత వేగంగా పోగలదో గొప్పగా ముద్రించిన పత్రాన్ని చూచి కొనుగోలు నిర్ణయించడం ఈ కారణం చేతనే ప్రమాదకరం. పత్రంలో “గరిష్ఠ శక్తి” అన్న అంకె మాత్రమే ఉంటే, అది ఎన్ని సెకన్లపాటు లభిస్తుందో, ఎడతెగని శక్తి ఎంతో వ్రాతపూర్వకంగా అడగాలి.

మరొక మెలిక ఉన్నది. ఇరుసుకు బిగించిన ఫ్యానుతో చల్లబడే మోటారుకు, పాకుతూ పోయే బండిలో గాలి చాలదు. ఎక్కువ వేడి పుట్టే వేళనే ఫ్యాను నెమ్మదిగా తిరుగుతుంది. అందువల్ల తీగచుట్టలో ఉష్ణోగ్రత సెన్సారు తప్పనిసరి. వేడి హద్దు మీరబోతే కంట్రోలర్ శక్తిని క్రమంగా తగ్గించాలే గాని ర్యాంపు నడుమ ఒక్కసారిగా ఆపివేయరాదు.

బ్యాటరీ లెక్క దీనికంటె సులభం. దినానికి 25 కిలోమీటర్లకు దొర్లుడుకే 1.4 యూనిట్లు. మూడువందల సార్లు కదలడానికి 0.3, ఎత్తులెక్కడానికి 0.1. చోదక వ్యవస్థ దక్షత నూటికి 72 అనుకొంటే ఈ 1.8 యూనిట్లకు బ్యాటరీ 2.5 ఇవ్వాలి. దీపాలకు, పాట వినిపించే లౌడ్‌స్పీకరుకు 50 వాట్ల చొప్పున ఆరు గంటలకు మరో 0.3. బండి మూడువందల సార్లు కదలడానికి చక్రాలు తీసుకొనేంత విద్యుత్తును దీపాలు, పాట కలిసి కాజేయగలవన్నమాట! మొత్తం 2.8 యూనిట్లు. బ్యాటరీని అడుగంటనీయక ఎనభై వంతులే వాడాలి. ఏళ్లు గడిచేకొద్దీ సామర్థ్యం మరో ఇరవై వంతులు తగ్గుతుందని ముందే లెక్కించాలి. అప్పుడు 4.4 యూనిట్లు తేలుతుంది. పదహారు లిథియం ఐరన్ ఫాస్ఫేట్ సెల్లులను వరుసగా కలిపిన 51.2 వోల్టుల, 100 ఆంపియర్-గంటల బ్యాటరీ 5.1 యూనిట్లు ఇస్తుంది గనుక సరిపోతుంది. సీసపు బ్యాటరీ ధరకు తక్కువే, కాని ర్యాంపు వంటి అధిక కరెంటు వేళల్లో దాని నుండి లభించే విద్యుత్తు బాగా తగ్గిపోతుంది.

బళ్లారి వంటి ఊళ్లలో వేసవి ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. మధ్యాహ్నం వేడిగా వచ్చిన బండిని వెంటనే చార్జింగుకు పెట్టరాదు, నీడలో చల్లబడనీయాలి. తడి చెత్త నుండి కారే పులుపు నీరు రాగిని తినివేస్తుంది. కాబట్టి కంట్రోలర్‌ను, కనెక్టర్లను తొట్టి కింద గాక, ఎత్తున, నీరు చొరని పెట్టెలో ఉంచాలి. బ్యాటరీ నిండుగా ఉన్న ఉదయం వేళ విద్యుత్ బ్రేకు సరిగా పనిచేయదు, తిరిగి వచ్చే విద్యుత్తుకు చోటుండదు. అందుచేత మెకానికల్ బ్రేకులు తమంతట తామే నిండు బండిని వాలుపై ఆపగలిగి ఉండాలి.

బండిని ఒప్పుకొనే ముందు వార్డు సమితివారు చేయించదగిన పరీక్ష ఒకటున్నది. తొట్టిలో నిండు చెత్తకు సమానమైన ఇసుక బస్తాలు వేయించి, ఇద్దరిని కూర్చోబెట్టి, దింపే చోటి ర్యాంపు నడుమ ఆపి, చేతి బ్రేకు తీసి కదిలించాలి. వరుసగా ఐదు సార్లు. ప్రతిసారీ ఎంత వెనుకకు జారిందో, తీగచుట్ట ఉష్ణోగ్రత ఎంత పెరిగిందో కాగితంపై వ్రాసి, రోజూ ఆ బండి నడపబోయే పౌరకార్మికుని చేత కూడా సంతకం చేయించాలి.