కొండ మీది టెండరు, చేతిలో షేరు

హైదరాబాదుకు సొంత స్టాక్ ఎక్స్ఛేంజీ ఉన్న రోజుల నుంచి షేర్లు కొంటున్నవాణ్ణి. సరిహద్దు రోడ్లు, సొరంగాల పనులు చేసే కంపెనీల షేర్లతో లాభం చూశాను, చెయ్యీ కాల్చుకున్నాను.

1. టీవీలో పడ్డాక కొనకండి. ఒక కంపెనీకి (పేరెందుకు లెండి) సరిహద్దులో పెద్ద రోడ్డు పని దక్కిందని పొద్దున్నే వార్త. 9:15కు మార్కెట్ తెరవగానే ఐదొందల షేర్లు కొన్నాను. మధ్యాహ్నం భోజనానికి లేచేసరికి ధర దిగడం మొదలైంది. బ్రోకరుకు ఫోన్ చేస్తే, "ఎల్-1 వాళ్లేనని ప్రైస్ బిడ్లు తెరిచిన రోజే తెలిసింది కదండీ" అన్నాడు. ఎల్-1 అంటే అందరికన్నా తక్కువకు బిడ్ వేసినవాళ్లు. అవార్డు లెటరు వారాల తర్వాత వస్తుంది. ముందు కొన్నవాళ్లు ఆ రోజు నాకే అమ్మారు.

2. లెటరు వచ్చినంత మాత్రాన పని తనదైపోదు. జోజిలా సొరంగమే చూడండి. శ్రీనగర్–లేహ్ దారిలో పదకొండున్నర వేల అడుగులకు పైన ఉన్న కనుమ జోజిలా, చలికాలంలో మంచుతో మూసుకుపోతుంది. 2016 జనవరిలో సొరంగం పనిని ఐఆర్‌బీ కంపెనీకి 10,050 కోట్లకు ఖరారు చేశారు. బరిలో ఒక్కరే మిగిలారన్న వివాదం రేగి రద్దయింది. వేరే పద్ధతిలో పిలిచిన టెండరు 2018లో 4,899 కోట్లకు ఐఎల్‌అండ్‌ఎఫ్‌ఎస్ ట్రాన్స్‌పోర్టేషన్‌కు దక్కింది. సత్యం కంప్యూటర్స్ గొడవ తర్వాత మన హైదరాబాదు కంపెనీ మేటాస్ ఇన్‌ఫ్రాను తీసుకున్న గ్రూపే ఇది. మే నెలలో ప్రధాని శంకుస్థాపన చేశారు. సెప్టెంబరు నాటికి గ్రూపు అప్పులు కట్టలేక చేతులెత్తేసింది. 2019లో కాంట్రాక్టు పోయింది. 2010లో 258 రూపాయలకు ఇష్యూకొచ్చిన ఆ షేరు చివరికి చిల్లర ధరకు పడిపోయింది. 2020లో సుమారు 4,500 కోట్లకు పని తీసుకున్నది హైదరాబాదు కంపెనీ మేఘా.

3. "ఆర్డర్ బుక్ ఇన్ని వేల కోట్లు" అన్నచోట ఆగకండి. వార్షిక నివేదికలో నేను పెన్సిలుతో సున్నా చుట్టేవి మూడు: రావలసిన బాకీలు, వ్యాపారం నుంచి చేతికొచ్చిన నగదు, ప్రమోటర్లు తాకట్టు పెట్టిన షేర్లు. ఎందుకంటే కొండల్లో మంచు పడ్డాక బయటి పని ఆగుతుంది. యంత్రాల కిస్తీ, క్యాంపు ఖర్చు మాత్రం ఆగవు. కొలతలు తీసి ఇంజినీరు సంతకం పెట్టేదాకా బిల్లు కాగితమే. పెట్టాక కూడా కొంత రిటెన్షన్ (పనికి హామీగా పట్టి ఉంచే సొమ్ము) కింద ఆపుతారు. ఈలోగా బ్యాంకు వడ్డీ లెక్క నడుస్తూనే ఉంటుంది.

4. అందరికీ అందే షేరు కాకపోవచ్చు. జోజిలా మేఘాకు వచ్చినప్పుడు మా అపార్ట్‌మెంట్ కుర్రాడు, "మన ఊరి కంపెనీయే కదంకుల్, షేరు ఎంత?" అని అడిగాడు. అసలది మార్కెట్లో లిస్టే కాలేదని చెప్పాను. "అయితే సిమెంటు షేర్లు కొంటా" అన్నాడు. ఒక్క సొరంగానికి దేశం సిమెంటు ధర కదలదయ్యా అంటే వినలేదు.

5. గడువు చూసి డబ్బు పెట్టకండి. అదే శ్రీనగర్–లేహ్ దారిలోని సోనామార్గ్ సొరంగానికి 2012లో శంకుస్థాపన చేస్తే, 2025 జనవరి 13న ప్రారంభమైంది. మొదట పని దక్కింది పైన చెప్పిన ఐఎల్‌అండ్‌ఎఫ్‌ఎస్‌కే, పూర్తి చేసింది ఆప్కో అనే కంపెనీ.