ఒక్క స్టార్‌తో సరిపెట్టుకోకండి

ప్రశ్న: నాకు అరవై మూడేళ్లు. టీచరుగా చేసి రిటైరయ్యాను. మధ్యాహ్నం భోజనమయ్యాక కాసేపు ఫోన్‌లో సాలిటేర్ పేక ఆడుకోవడం అలవాటు. ఆటకు ముందొక యాడ్, తర్వాతొక యాడ్ వస్తుంటే విసుగెత్తి, 'యాడ్స్ తీసేస్తాం' అన్నచోట నొక్కి 349 రూపాయలు కట్టాను. తెరంతా నిండే యాడ్స్ పోయాయి గానీ కింద పట్టీలో వచ్చేవి అలాగే ఉన్నాయి. ఆ తర్వాత 'మూడు రోజులు ఉచితం' అని కనిపిస్తే నొక్కాను. అప్పట్నుంచి వారం వారం 199 రూపాయలు పోతున్నాయి. యాప్ తీసేసినా ఆగలేదు. ఒక్క స్టార్ ఇచ్చి, జరిగింది రాశాను. అది తొలగించకపోతే కోర్టుకు వెళ్తామని సంస్థ జవాబిచ్చింది. మా మనవడేమో 'అమ్మమ్మా, ఆ ఆటే మోసం, కావాలనే ఓడిస్తుంది' అంటాడు. నేనేం చేయాలి?
- ఒక పాఠకురాలు, కాకినాడ

సమాధానం: అమ్మా, మీ ఉత్తరంలో నాలుగు సంగతులు కలగలిసి ఉన్నాయి. ఆగకుండా పోతున్న డబ్బు, కట్టిన డబ్బుకు దక్కని సేవ, ఆటలో ఓటమి, రాసిన మాటకు బెదిరింపు. వీటిలో మూడింటికి చట్టం అండ ఉంది. ఓటమికి మాత్రం లేదు. ఒక్కొక్కటే చూద్దాం.

ముందు డబ్బు ఆపండి

ఫోన్‌లోంచి యాప్ తీసేసినంత మాత్రాన సబ్‌స్క్రిప్షన్ రద్దు కాదు. చాలామంది ఇక్కడే నష్టపోతున్నారు. ప్లే స్టోర్ తెరిచి, పైన మూలనున్న మీ ఖాతా గుర్తు నొక్కి, పేమెంట్స్, సబ్‌స్క్రిప్షన్స్ విభాగంలో రద్దు చేయాలి. యూపీఐతో కడుతున్నట్లయితే మీ యూపీఐ యాప్‌లో ఆటోపే కింద ఇచ్చిన అనుమతి కూడా తీసేయండి. రద్దయినట్టు వచ్చిన సందేశాన్ని దాచుకోండి. ప్లే స్టోర్‌లో కొన్న 48 గంటల్లోపైతే వాపసు కోసం నేరుగా గూగుల్‌నే అడగవచ్చు. ఆ గడువు దాటితే యాప్ తయారుచేసిన సంస్థకు రాయాలి.

ఇలా పదేపదే డబ్బు తీసుకునే ఏర్పాటుకు రిజర్వు బ్యాంకు నిబంధనలున్నాయి. మొదటిసారి ఓటీపీతోనో పిన్‌తోనో మీ ఆమోదం ఉండాలి. తర్వాత డబ్బు తీసే ప్రతిసారీ కనీసం 24 గంటల ముందు మీకు సమాచారం రావాలి. మీ మెసేజ్‌లు వెతికి చూడండి. రాకుంటే బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. 30 రోజుల్లో తేల్చకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. అసలు మీ ఆమోదమే లేకుండా ఎవరైనా డబ్బు లాగేస్తే మాత్రం క్షణం ఆలస్యం చేయకుండా 1930 సైబర్ నేరాల నంబరుకు ఫోన్ చేయాలి.

ఓడిపోవడం వేరు, మోసపోవడం వేరు

మనవడి మాటకొద్దాం. సాలిటేర్‌లో 52 ముక్కలుంటాయి. 28 ఏడు వరుసల్లో పరుచుకుంటాయి, మిగతా 24 కట్టలో ఉంటాయి. మూతపడిన ముక్కలేమిటో ముందే తెలిసి ఆడినా, వంద పంపకాల్లో దాదాపు 82 మాత్రమే గెలవగలిగినవని కంప్యూటర్ లెక్కలు చెబుతున్నాయి. ఇక ముక్కలు తెలియకుండా ఆడేవారికి ఓటములు ఇంకా ఎక్కువే. ఆసు అడుగున చిక్కుకుపోవడం సేవాలోపం కాదు. ఆ కారణంతో కేసు వేస్తే నిలవదు.

అదే యాప్ 'మా దగ్గర ప్రతి పంపకమూ గెలవొచ్చు' అని ప్రకటించి, గెలవలేనివి ఇస్తే సంగతి మారుతుంది. అది వినియోగదారుల రక్షణ చట్టం, 2019 చెప్పే తప్పుదోవ పట్టించే ప్రకటన అవుతుంది. ప్రకటనలో ఒక ఆట చూపించి, దింపుకున్నాక మరో ఆట అంటగట్టినా అంతే.

ఆటగాళ్ల గోడుకు చట్టంలో పేర్లున్నాయి

ఇలాంటి యాప్‌ల గురించి ఆడేవాళ్లు చెప్పే మాటలు వింటే కొన్ని మళ్లీ మళ్లీ వినిపిస్తాయి: 'ఉచితమని చేర్చుకున్నారు, బయటికొచ్చే దారి దొరకడం లేదు', 'కొట్టివేత గుర్తు కనిపించదు', 'వద్దన్నా పదేపదే అడుగుతోంది', 'యాడ్‌ను ఆటలో బొమ్మలా పెట్టారు'. ఇవి ఉత్త సణుగుడు కావు. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరు 30న డార్క్ ప్యాటర్న్స్‌పై మార్గదర్శకాలు తెచ్చి, 13 రకాల మాయోపాయాలను నిషేధించింది. సబ్‌స్క్రిప్షన్ ఉచ్చు, తెరమీది అమరికతో తికమక పెట్టడం, అదేపనిగా వేధించడం, మారువేషంలో ప్రకటన చూపడం ఆ జాబితాలో ఉన్నాయి. మీకు జరిగింది మొదటి రకమో కాదో తేలాలంటే, రద్దు మార్గం ఎంత దాచారన్నది చూపించాలి. అందుకే రద్దు చేసేటప్పుడు ప్రతి మెట్టునూ స్క్రీన్‌షాట్ తీయండి.

ఇక్కడొక తేడా గుర్తుంచుకోవాలి. 2019 చట్టం ప్రకారం డబ్బు చెల్లించి సేవ పొందినవారే వినియోగదారు. పూర్తిగా ఉచితంగా అందే సేవ ఆ నిర్వచనంలోకి రాదు. పైసా కట్టకుండా ఆడే వ్యక్తి యాడ్స్ ఎక్కువయ్యాయని కమిషన్‌కు వెళ్తే గెలవడం కష్టం. మీరు 349 రూపాయలు కట్టారు. 'యాడ్స్ తీసేస్తాం' అన్న మాటకే ఆ డబ్బు. 'కొన్ని యాడ్స్' అని అక్కడ స్పష్టంగా రాసి లేకపోతే మీది నికరమైన ఫిర్యాదు.

రాసే హక్కు, రాసే తీరు

బెదిరింపుకు భయపడి అభిప్రాయం తొలగించకండి. పరువునష్టం గురించి చెప్పే భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్‌లోనే మినహాయింపులున్నాయి. ప్రజల మేలు కోరి చెప్పిన నిజం, తన ప్రయోజనం కాపాడుకోవడానికి సద్బుద్ధితో చెప్పిన మాట నేరం కావు. సివిల్ దావాలోనైతే నిజమే పూర్తి రక్షణ.

కాని 'వీళ్లు దొంగలు' అని రాస్తే ఆ మాట రుజువు చేసే భారం మీ నెత్తిన పడుతుంది. తేదీ, కట్టిన మొత్తం, చెప్పింది, జరిగింది రాయండి చాలు. ఇలా రాయవచ్చు: "యాడ్స్ తీసేస్తామంటే ఫలానా తేదీన 349 రూపాయలు కట్టాను. పెద్దవి పోయాయి, కింది పట్టీలోవి వస్తూనే ఉన్నాయి. ఫలానా తేదీన సంస్థకు రాశాను. ఇంతవరకు డబ్బు వాపసు రాలేదు." ఇందులో ఎవరూ వేలెత్తి చూపగలిగే మాట లేదు. నిజంగా లాయరు నోటీసే వస్తే పక్కన పడేయకుండా, రసీదులు జతచేసి గడువులోగా జవాబివ్వండి.

అభిప్రాయం ఫిర్యాదు కాదు

స్టార్ ఇచ్చి మనసు తేలికపడ్డాక చాలామంది అక్కడితో వదిలేస్తారు. అభిప్రాయం తర్వాతివారిని హెచ్చరిస్తుంది గానీ మీ డబ్బు తెచ్చిపెట్టదు. దానికి మెట్లు వేరే ఉన్నాయి.

మొదట సంస్థ ఫిర్యాదుల అధికారికి మెయిల్ పెట్టండి. 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలపాలి, నెలలో పరిష్కరించాలి. విదేశీ సంస్థ అయినా భారతీయులకు క్రమపద్ధతిలో సేవలమ్ముతుంటే ఈ నిబంధనలు వర్తిస్తాయి. రెండో మెట్టు 1915, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. తెలుగులోనే మాట్లాడవచ్చు. అప్పటికీ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. మీరు కాకినాడలో ఉంటున్నారు కాబట్టి మీ జిల్లా కమిషన్‌లోనే వేయవచ్చు, సంస్థ ఉన్న ఊరికి వెళ్లనక్కర్లేదు. చెల్లించిన విలువ 5 లక్షల వరకు రుసుము లేదు, లాయరు తప్పనిసరి కాదు. ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటినుంచే దాఖలు చేయవచ్చు. గడువు రెండేళ్లు. రసీదులో డబ్బు ఎవరి పేరిట వెళ్లిందో వారినీ ప్రతివాదిగా చేర్చండి.

మీలాంటి అనుభవమే రాసిన ఇతర ఆటగాళ్ల మాటలనూ తేదీలతో సహా దాచండి. ఒకే రకం నష్టం చాలామందికి జరిగిందంటే కేంద్ర ప్రాధికార సంస్థ అందరి తరఫునా చర్య తీసుకోగలదు. ఒకే ప్రయోజనం ఉన్న వినియోగదారులు కమిషన్ అనుమతితో కలిసి ఫిర్యాదు చేసే వీలూ 2019 చట్టంలో ఉంది.

పందెం జోలికి పోకండి

'సాలిటేర్ ఆడండి, నగదు గెలవండి' అనే యాడ్స్ మీకూ కనిపించే ఉంటాయి. సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు కేసులో రమ్మీ ప్రధానంగా నైపుణ్యంతో ఆడే ఆట అని 1967లో సుప్రీంకోర్టు చెప్పిన మాటను ఇప్పటికీ వీటికి అండగా చూపిస్తుంటారు. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో తమ గేమింగ్ చట్టాలను ఆన్‌లైన్ పందేలకూ వర్తింపజేశాయి. 2025 ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదం పొందిన కేంద్ర చట్టమైతే నైపుణ్యమా, అదృష్టమా అన్న తేడా చూడకుండా డబ్బు ఒడ్డి డబ్బు ఆశించే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ నిషేధించింది. నిర్వహించేవారికి మూడేళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా. మీరు కట్టింది పందెం కాదు, సేవకు రుసుము. దాన్ని ఆ చట్టం తప్పుపట్టదు. కాబట్టి ఆటకు డబ్బు కట్టానని బయటికి చెప్పడానికి సంకోచించనక్కర్లేదు.

ఈ సాయంత్రమే మనవణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని సబ్‌స్క్రిప్షన్ రద్దు చేయండి, రసీదులు వెతికి సంస్థకు మెయిల్ పెట్టండి. ఏ జవాబు వచ్చినా మీ అభిప్రాయం కింద అదీ చేర్చండి. 349 రూపాయలు కట్టబోతున్న మరొకరు నొక్కేముందు చదివేది దాన్నే.