కడుపులేని గుర్రం

ఉద్దేశం: అందమైన ప్రాణిని ఇంట ఉంచుకోవాలన్న కోరిక సహజం. దాని బతుకుకు పూచీపడటం వేరు. ఈ భేదాన్ని సముద్రపు గుర్రం పెంపకం ద్వారా తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

గుర్రపు మోము, కోతి తోక, కంగారువలె పిల్లలను మోసే సంచి - ఇన్ని పోలికలున్నా సముద్రపు గుర్రం చేపే. మొప్పలతో శ్వాసిస్తుంది, నిటారుగా ఈదుతుంది. నదులలో నివసించే నీటిగుర్రంతో దీనికి ఏ సంబంధమూ లేదు.

ఈ చేపకు దంతాలు లేవు, జీర్ణాశయమూ లేదు. గొట్టం వంటి మూతితో ఎరను పీల్చి మింగుతుంది. మింగినది నిలువ ఉండే చోటు లేక పేగుగుండా త్వరగా సాగిపోతుంది. అందుచేత సముద్రంలో పగలంతా చిన్న చిన్న రొయ్యజాతి జీవులను వేటాడుతూనే ఉంటుంది. అక్వేరియంలో ఆ ఎరను సమకూర్చే భారం పెంపకందారునిదే.

అమెరికా, ఆస్ట్రేలియా వంటి దేశాలలో హేచరీలలో పుట్టిన సముద్రపు గుర్రాలను ఇళ్లలో పెంచేవారున్నారు. వారు మైసిస్ అనే చిన్న రొయ్యలను మంచుగడ్డలనుండి కరిగించి, రోజుకు కనీసం రెండు మూడు సార్లు అందిస్తారు. సముద్రంనుండి పట్టి తెచ్చిన చేప తరచుగా ఈ కదలని ఆహారాన్ని ముట్టదు. ఎర ఎదుటనే ఉన్నా ఆకలితో కృశిస్తుంది. చురుకైన చేపలను తోడుగా వేస్తే, నిదానంగా తినే ఈ చేపకు మిగిలేది శూన్యం. తినగా మిగిలినదానిని వెంటనే తీసివేయాలి. లేనిచో అది కుళ్లి, నీటిలో అమ్మోనియా పెరుగుతుంది. తోక చుట్టుకొని నిలబడటానికి మొక్కలవంటి ఆధారాలూ అవసరమే.

పిల్లల పోషణ ఇంకా కష్టం. ఆడచేప గుడ్లను మగచేప సంచిలో ఉంచుతుంది. కొన్ని వారాలకు ఆ తండ్రి వందలాది పిల్లలను కంటాడు. ఆపై తల్లిగాని తండ్రిగాని వాటిని చూడరు. పుట్టిననాటినుండే వాటికి సజీవమైన ఎర కావాలి. అందుకు ఆర్టీమియా అనే ఉప్పునీటి జీవి ఉపకరిస్తుంది. ఏళ్లతరబడి ఎండి ఉన్న దాని గుడ్లను ఉప్పునీటిలో వేసి గాలి ఊదితే, సుమారు ఒక రోజులో పొదుగుతాయి. మన కోస్తాలోని రొయ్యల హేచరీలలోనూ ఈ గుడ్లనే వాడుతారు. ఆర్టీమియా పిల్లలు వెలుగువైపు చేరుతాయి. దీపం చూపి వాటిని పెంకులనుండి వేరుచేస్తారు. ఒక్కరోజు గుడ్లు నానవేయడం మరచినా మరునాడు వందల నోళ్లు పస్తుండవలసిందే. ఎంత శ్రద్ధ వహించినా ఎన్నో పిల్లలు దక్కవు.

మన దేశంలో 2001లో సముద్రపు గుర్రాలను వన్యప్రాణి సంరక్షణ చట్టం పరిధిలోకి చేర్చారు. వాటిని పట్టడం, అమ్మడం నేరం. మన్నారు సింధుశాఖలోని సముద్రపు గడ్డిమైదానాలు వాటి నివాసాలలో ఒకటి. ఆకలి తీర్చగల సముద్రంలోనే వాటిని ఉండనివ్వడం మనం చేయగల ఉత్తమ పోషణ.

కఠిన పదాలు
కృశించు = చిక్కిపోవు
సింధుశాఖ = భూభాగంలోకి చొచ్చుకొని వచ్చిన సముద్రభాగం

ప్రశ్నలు
1. సముద్రపు గుర్రానికి తరచుగా ఆహారం ఎందుకు అవసరం?
2. ప్రాణిపై ఇష్టానికీ, దాని పోషణ బాధ్యతకూ గల భేదాన్ని పాఠం ఆధారంగా వివరించండి.