ప్రణయకథ వ్రాయుటకు ముందు



ఈ సంవత్సరము పై తరగతివారిని వ్యాసమునకు బదులుగా ఒక చిన్న కథ వ్రాసి తెమ్మంటిని. విషయమును వారి యిష్టమునకే విడిచితిని. వచ్చిన కథలలో మిక్కిలి భాగము ప్రణయకథలే. నాయకుడు ధనవంతుడు, సుందరుడు, గుణవంతుడు. నాయిక చంద్రవదన, మృదుభాషిణి. ఏటిగట్టున ఒకరినొకరు చూచిరి, చూచినంతనే ప్రేమించిరి, పెద్దలు అడ్డుపడిరి, తుదకు పెండ్లి జరిగెను. భాష చక్కగానే యున్నది. కాని నేనొక చిన్న పరీక్ష చేసితిని. ఒక కథలోని నాయికను తీసి వేరొక కథలో నిలిపి చదివితిని. ఏ కథకును ఏ లోపమును కలుగలేదు! ఎవరి స్థానమున ఎవరిని నిలిపినను చెల్లునెడల అచట మనుష్యులు లేరనియే యర్థము. పేళ్లు మాత్రమే కలవు. ఈ లోపమును దిద్దుకొను మార్గమును చెప్పుటయే ఈ పాఠముయొక్క యుద్దేశము.

తల్లిదండ్రులలో కొందరు, "పాఠశాలలో ప్రణయకథల ముచ్చట యేల?" అని యడుగవచ్చును. వారికి నా మనవి యిది. పిల్లకు సంబంధము చూచునప్పుడు మన పెద్దలు అటేడు తరములు, ఇటేడు తరములు విచారింతురు. వరుని జీవనాధారమేమి, ఇంటిలో నడవడి యెట్టిది, అప్పులున్నవా, కోపమున్నదా అని నలుగురి నడిగి తెలిసికొందురు. కథకుడును అట్టి పెద్దయే. తన నాయికానాయకులను జతపరుపబూనినవాడు వారినిగూర్చి పెండ్లిపెద్దకంటె నెక్కువగా విచారింపవలయును. ముఖవర్ణనతో ముగియు కథ యువకులకు ముఖమును ప్రేమించుట నేర్పును. మనస్సు నెరిగి వ్రాసిన కథ మనస్సును విచారించుట నేర్పును. ఈ రెండింటికిని గల భేదము జీవితమున చాల పెద్దది.

ముందుగా నా తప్పు నేను చెప్పుకొందును. ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో చదువుచుండగా ఒక వేసవి సెలవులలో పండ్రెండు ప్రకరణముల నవల వ్రాసితిని. దానిని నా గదిలోని మిత్రునకు చదువనిచ్చితిని. అతడు రెండు రాత్రులలో ముగించి, "ఏమోయి, నీ నాయకునకు కోపము వచ్చినచో ఏమి చేయును?" అని యడిగెను. "అతనికి కోపము రాదు" అంటిని. "ఏ పని చేసి బ్రదుకును?" అనెను. నేను దానిని ఆలోచించియే యుండలేదు. మిత్రుడు కాగితములను దొంతిపెట్టి నా చేతికిచ్చి, "ముందు వానికి ఇంత అన్నము పెట్టు, ప్రేమ సంగతి పిమ్మట చూతము" అనెను. ఆ వ్రాతప్రతి యిప్పటికిని నా పెట్టె యడుగున నున్నది.

ఈ కళలో ఆరితేరినవారిలో ఇంగ్లండు దేశపు రచయిత్రి జేన్ ఆస్టెన్ ఒకతె. ఈమె 1775 లో స్టీవెంటన్ అను గ్రామమున ఒక పాదిరిగారి కుమార్తెగా జన్మించెను. 1796 అక్టోబరులో, తనకు ఇరువది యేండ్ల ప్రాయమున, ఒక ప్రణయనవలను ఆరంభించి మరుసటి యాగస్టునాటికి ముగించెను. దానికి 'ఫస్ట్ ఇంప్రెషన్స్' అని, అనగా 'తొలిచూపు అభిప్రాయములు' అని, పేరు పెట్టెను. తండ్రి దానినిగూర్చి లండనులోని ప్రచురణకర్త యొకనికి వ్రాయగా, అతడు వ్రాతప్రతిని చూడకయే నిరాకరించెను. ఆమె దానిని పారవేయలేదు. పిమ్మట దిద్ది తిరిగి వ్రాసెను. తుదకు 1813 జనవరిలో 'ప్రైడ్ అండ్ ప్రెజుడిస్' అను పేర అది వెలువడెను. గర్వము, దురభిప్రాయము అని దాని యర్థము. ఆరంభించిననాడు రచయిత్రికిని నాయిక ఎలిజబెత్తునకును ఇంచుమించు ఒకే వయస్సు. అచ్చైననాటికి రచయిత్రికి ముప్పదియేడేండ్లు. అన్ని యేండ్లు ఆమె ఆ పాత్రలతో కాపురము చేసెనని చెప్పవచ్చును.

ఆ పాత్రల నామె యెంతగా నెరిగియుండెనో చూడుడు. ఎలిజబెత్తు ఐదుగురు అక్కచెల్లెండ్రలో రెండవది. తండ్రికి మగసంతానము లేదు; ఆస్తి దూరపు బంధువునకు చెందవలసియున్నది. తల్లి నోటికి అదుపు లేదు. తండ్రి తెలివిగలవాడే గాని ఇంటిలోని లోపములను చూచి నవ్వుకొనునే తప్ప చక్కదిద్దడు. ఆ తండ్రి నవ్వే కుమార్తెకును అబ్బినది. మనుష్యులను చూచినంతనే వారి గుణమును పసిగట్టగలనని ఆమె గర్వము. నాయకుడు డార్సీకి ఏటికి పదివేల పౌనుల రాబడి. తల్లిదండ్రులు మంచివారే, ధర్మమును బోధించిరి గాని స్వభావమును దిద్దుకొనుట నేర్పలేదు. ఒక నృత్యసభలో, ఆమె చెవిని పడునట్లు, ఈమె అందము నన్ను ఆకర్షించునంతటిది కాదని యతడు పలికెను. ఆ యొక్కమాట ఆమె గర్వమును తాకెను. అది మొదలు అతనినిగూర్చి ఎవరేమి చెడుగా చెప్పినను ఆమె నమ్మెను. తీయగా మాటలాడు విక్కమ్ అను మోసగాని మాటలను సైతము నమ్మెను.

ఇచట గమనింపవలసిన దొకటి కలదు. అతని లోపము, ఆమె లోపము, తాళమును తాళపుచెవియువలె ఒకదానికొకటి సరిపోవుచున్నవి. అతడు తొలిసారి వివాహమాడుమని కోరుచు, ఆమె కుటుంబము తనకంటె తక్కువదని కూడ చెప్పును. ఆమె తిరస్కరించును. మరునాడతడు ఇచ్చిన ఉత్తరమును మరల మరల చదివినప్పుడుగాని తన తీర్పు ఎంత తప్పో ఆమెకు తెలియదు. ఏటిగట్టు లేదు, వెన్నెల లేదు. ఒక కాగితము, సిగ్గుపడిన ఒక మనస్సు, అంతియే. అయినను రెండు నూర్ల యేండ్లు దాటినను పాఠకులు దానిని విడువలేదు.

ఇంకొక విశేషము. 1813 మే నెలలో ఆమె లండనులో చిత్రప్రదర్శనమునకు పోయి, తన నవలలోని జేనును పోలిన చిత్రమొకటి చూచితినని అక్కకు ఉత్తరము వ్రాసెను. ఆ చిత్రములోని స్త్రీకి తెల్లని యుడుపు, ఆకుపచ్చని అలంకారములు. జేనునకు ఆకుపచ్చ యిష్టమని తాను ముందే తలచితిననెను. ఎలిజబెత్తు మాత్రము పసుపుపచ్చని దుస్తులలో నుండుననెను. నవల ముగిసిన పిమ్మట చెల్లెండ్రలో కిట్టీ ఒక పాదిరిని, మేరీ తన తల్లి సోదరి భర్త కచేరిలోని గుమాస్తాను వివాహమాడిరని ఆమె ఇంటివారికి చెప్పుచుండెనట. ఈ సంగతిని ఆమె మేనల్లుడు 1870 నాటి జీవితచరిత్రలో తెలిపెను. ఇందేదియు నవలలో లేదు. బావిలో నీరు నిండుగా నున్నగాని చేదకు అందదు. రచయిత యెరిగినది బావి. వ్రాసినది చేదెడు నీరు.

ఇక మనము స్వయముగా ఒక పాత్రను విచారింతము. పేరు ఇప్పుడు వలదు. మనిషి తెలిసిన పిమ్మట పేరు దానంతట అదియే వచ్చును. ఒక నేతగాని పెద్ద కుమార్తె యనుకొనుడు. వయస్సు పందొమ్మిది. "అందగత్తెయా?" అని యడుగకుడు. "ఆమె దేనికి భయపడును?" అని యడుగుడు. ఆమెకు పదియేండ్లప్పుడు, నూలు అప్పు తీరలేదని షావుకారు వచ్చి, సగము నేసిన బట్టను మగ్గముమీదనుండి కోయించుకొని పోయెను. తండ్రి ఏమియు అనలేక తలవంచుకొని నిలిచెను. ఆ తలవంపును ఆమె మరువలేదు. నాటినుండి ఒకరి సొమ్ము తాకదు. పొరుగింట ఉప్పు బదులు తెచ్చినను సాయంకాలములోగా తీర్చును.

ఇప్పుడు నాయకుని విచారింతము. ఇతడొక గుమాస్తా కుమారుడు. తండ్రి నోటివెంట ప్రేమవాక్యము ఎన్నడును రాలేదు; కాని సంతనుండి వచ్చునప్పుడు ఏదో యొకటి తెచ్చి మౌనముగా పిల్లవాని చేతిలో పెట్టెడివాడు. అందుచేత ఇచ్చుటయే ప్రేమయని యితడు నేర్చుకొనెను. ఒకనాడు వానలో ఆ పిల్లకు తన గొడుగు నిచ్చెను. ఆమె దానిని విప్పక, చంకను పెట్టుకొని, తడియుచునే యింటికి పోయి, మరునాడు తమ్మునిచేత తిప్పిపంపెను. తన్ను ఆమె అసహ్యించుకొనెనని యతడు తలచెను. అప్పు పడకుండ తప్పించుకొంటినని ఆమె తలచెను.

చూచితిరా? కథను మనము కల్పింపలేదు. ఇరువురి గతము కలిసి తానే కథను కన్నది. అడ్డుపడుటకు దుష్టుడైన మేనమామ అక్కరలేదు. ఈ కథ యెట్లు ముగియవలెనో కూడ ఇప్పుడు తెలియుచున్నది. ఇచ్చుటయే యెరిగినవాడు పుచ్చుకొనుట నేర్వవలెను. పుచ్చుకొననిది అడుగుట నేర్వవలెను. ఏదో యొకనాడు వాన పట్టినప్పుడు ఆమెయే, "ఆ గొడుగిటు ఇయ్యండి" అనునెడల అంతకు మించిన ప్రణయవాక్యము అక్కరలేదు.

ఒక హెచ్చరిక. ఈ విచారణయంతయు కథలోనికి దింపకుడు. షావుకారు సంగతి ఒక్కమాటలో చెప్పిన చాలును. ఒక్కొక్కప్పుడు చెప్పకున్నను చాలును. గొడుగు తిప్పిపంపినప్పుడే పాఠకునికి లోపల ఏదో యున్నదని తెలియును.

తుదిమాట. 'తొలిచూపు అభిప్రాయములు' అను ఆ మొదటి పేరు నన్ను తరచుగా గుచ్చుచుండును. కొన్ని యేండ్ల క్రిందట నా తరగతిలో ఒక బాలుడు మొదటి గంటలో ప్రతిదినము కునుకుచుండెను. సోమరియని నిర్ణయించి బల్లమీద నిలువబెట్టుచుంటిని. మూడు నెలల తరువాత ఒకనాడు వాని యింటికి పోతిని. తండ్రి మంచమున పడియుండగా ఆ బాలుడు తెల్లవారుజామున మూడు గంటలకు లేచి కాఫీ హోటలునకు నీళ్లు మోయుచుండెను. మూడు నెలలు వానిని చూచితిని గాని యెరుగనైతిని. పాత్రను ముందెరుగవలెనని మీకు బోధించు నేను, ఎదుట నిలిచిన బాలుని విషయమున ఆ పాఠమును మరచితిని. కథ వ్రాయువారు మీలో కొందరే కావచ్చును. మనుష్యులతో బ్రదుకువారు మీరందరు. కావున ఈ అభ్యాసము అందరికిని.

అభ్యాసము

మీ మనస్సున నొక పాత్రను తలచి ఈ ప్రశ్నలకు ఒక్కొక్క వాక్యమున జవాబు వ్రాయుడు.

1. ఈ మనిషి ఏ పని చేసి బ్రదుకును? ఇంటిలో ఇతని సంపాదనపై ఆధారపడినవా రెందరు?

2. బాల్యమున మరువరాని దినమేది?

3. ఇతడు దేనిని కోరును? ఆ కోరికను ఎవరికి చెప్పుకొనడు?

4. కోపము వచ్చినచో ఏమి చేయును? సిగ్గుపడినచో ఏమి చేయును?

5. తన్నుగూర్చి తాను నమ్మునదేది? అందులో తప్పెంత?

6. ప్రేమకొరకు ఇతడు విడువవలసిన దేది?

ఆరవ ప్రశ్నకు జవాబు దొరికిననాడు కలము పట్టుడు. అంతవరకు ఏటిగట్టును, వెన్నెలను అట్లే యుండనిండు.