మట్టికుండలో దస్తావేజు

చదువవలసిన భాగము: యిర్మీయా 32:6–15

బబులోనువారు యెరూషలేమును ముట్టడించియుండగా యిర్మీయా చెరసాల ఆవరణములో ఖైదీగా నుండెను. అట్టి దినములలో తండ్రి తోబుట్టువు కుమారుడగు హనమేలు వచ్చి, అనాతోతులోని చేను కొనుమని అడిగెను. ప్రవక్త పత్రము వ్రాసి, ముద్రవేసి, సాక్షులచేత సంతకములు చేయించి, 17 తులముల వెండి తూచి ఇచ్చెను. పిమ్మట ఆ పత్రములను బారూకు చేతికిచ్చి, చాలదినములు చెడకుండ మట్టికుండలో పెట్టించెను. ఆ పట్టణములో ప్రవక్త నోటిమాటకంటె నమ్మదగిన మాట ఎవరిది? అయినను ఆయన నోటిమాటతో సరిపెట్టుకొనలేదు.

మేమెరిగిన ఒక గ్రామములో, కోతపండుగనాడు ఒక పెద్ద సంఘమంతటి యెదుట లేచి, బాట ప్రక్కనున్న 50 సెంట్ల నల్లరేగడి గుడికిచ్చితినని చెప్పెను. అందరును స్తోత్రము చెప్పిరి. మేమును చెప్పితిమి, కాగితమేదని అడుగుటకు మాకు నోరు రాలేదు. మరుసటి వేసవిలో ఆయన ప్రభువునందు నిద్రించెను. కుమారులు భూమి ఇవ్వమనిరి. అది వానలు లేని యేడు, ఎండిపోయిన బోరు మీద అప్పు నిలిచియున్నది. వారిని పూర్తిగా నిందింపలేము. సంఘములో కొందరు వారిని అననీయతో పోల్చిరి. ఆ పోలిక తగదు. అననీయ తాను అమ్మిన సొమ్ములో దాచుకొనెను. వీరు ఏ మాటయు ఇచ్చినవారు కారు. చివరకు రెండిండ్లవారు ప్రభు బల్లకు వచ్చుట మానిరి. ఇరువురి నడుమ నలిగినది ఆ విధవరాలు.

ఇంత తగవులోను ఎవరికిని గుర్తు రానిది ఆళ్లగడ్డకు ఇచ్చిన కుమార్తె. వీలునామా లేక చనిపోయిన క్రైస్తవుని ఆస్తిలో, 1925 నాటి భారత వారసత్వ చట్టము ప్రకారము, భార్యకు మూడవ వంతు, మిగిలిన రెండు వంతులు బిడ్డలందరికి సమానముగా చెందును. కొడుకని, కూతురని, పెండ్లియైనదని భేదము లేదు. కుమారులు లేని సెలోపెహాదు కుమార్తెలు ఐదుగురు మోషే యెదుట నిలిచి అడిగి సంపాదించుకొనిన స్వాస్థ్యము (సంఖ్యాకాండము 27) మన కుమార్తెలకు అడుగకయే కలదు. అన్నలును సంఘమును దానిని మరచిరి.

వీలునామా వ్రాయుటకు స్టాంపు కాగితము అక్కరలేదు. బుద్ధి స్థిరముగా నున్నప్పుడు తెల్లకాగితము మీద వ్రాయించి, సంతకమో వేలిముద్రయో వేయవలెను. ఇద్దరు సాక్షులు అది చూచి, ఆయన యెదుటనే తామును సంతకము చేయవలెను. సాక్షికిగాని, సాక్షి భార్యకుగాని భర్తకుగాని అందులో ఏమైన వ్రాసినయెడల ఆ భాగము చెల్లదు. రిజిస్టరు చేయించుట తప్పనిసరి కాదు గాని చేయించుట మేలు. బుద్ధి స్థిరముగా నున్నంతకాలము దానిని మార్చుకొనవచ్చును. వ్రాసినంత మాత్రమున భూమి చేయి దాటిపోదు. ఈ భయముచేతనే మనవారనేకులు వెనుకాడుచున్నారు.

మన పల్లెలలో చిక్కు పేర్లలో ఉన్నది. పట్టాదారు పాసుపుస్తకములో ఒక పేరు, బాప్తిస్మపు రిజిస్టరులో మరియొక పేరు. రెండును వ్రాయవలెను. "మా గుడికి" అని వ్రాసిన చాలదు. ఒకే ఊరిలో రెండు మూడు గుడులున్నవి. దక్షిణ ఇండియా సంఘమువారికి 1947లో రిజిస్టరైన ట్రస్టు అసోసియేషను కలదు. బాప్టిస్టువారి ఏర్పాటు వేరు. ఆస్తి ఎవరి పేర నిలుచునో పాస్టరుగారిని అడిగి తెలిసికొని, ఆ పేరే వ్రాయవలెను. ప్రభుత్వము పేదలకిచ్చిన డి.కె.టి. పట్టా భూమికైతే 1977 నాటి చట్టపు షరతులున్నవి. తహశీల్దారు కచేరిలో విచారింపక దానిని కానుకగా వ్రాయకుడి.

పూర్వము మరియొక అడ్డు ఉండెను. అదే చట్టములోని 118వ సెక్షను ప్రకారము, దగ్గర బంధువులున్న క్రైస్తవుడు ధర్మకార్యమునకు ఆస్తి వ్రాయగోరినచో, మరణమునకు కనీసము 12 నెలల ముందే వీలునామా వ్రాసి, వ్రాసిన 6 నెలలలోగా చట్టము నియమించిన చోట భద్రపరచవలసియుండెను. లేనియెడల ఆ దానము చెల్లదు. హిందువులకును మహమ్మదీయులకును ఈ నియమము లేదు. కేరళకు చెందిన జాన్ వల్లమట్టం అను గురువు సుప్రీంకోర్టుకు వెళ్లగా, 2003 జూలై 21న ముగ్గురు న్యాయమూర్తులు అది సమానత్వమునకు విరుద్ధమని కొట్టివేసిరి. ఆ మాట ఇంకను తెలియక, జబ్బుపడిన తరువాత వ్రాసిన కానుక చెల్లదనుకొనువారు ఉన్నారు.

అయితే ఆ పాత నియమములో కొంత న్యాయము లేకపోలేదు. మంచమున పడినవానిచేత భార్యాబిడ్డలను మరపించి వ్రాయించుకొను కానుక దేవునికి ప్రీతి కాదు. కొర్బాను అని చెప్పి తలిదండ్రుల పోషణ తప్పించుకొనినవారిని ప్రభువు గద్దించెను (మార్కు 7). భార్య తల దాచుకొను ఇల్లు, అప్పు, కుమార్తె భాగము చూచుకొనిన తరువాత మిగిలినది ఐదు సెంట్లే యైనను చాలును. పిడికెడు బియ్యముతో గుడులు కట్టుకొనినవారము మనము.

వ్రాసిన కాగితము ఎచ్చటనున్నదో ఒకరికైన తెలియవలెను. చెదలు భయమున్నయెడల కవరులో పెట్టి సీలువేసి జిల్లా రిజిస్ట్రారు నొద్ద ఉంచవచ్చును.

ఆ విధవరాలు రెండు సంవత్సరముల తరువాత తన మూడవ వంతులో 10 సెంట్లు గుడికని వీలునామా వ్రాయించి, సబ్ రిజిస్ట్రారు కచేరిలో వేలిముద్ర వేసెను. పెద్ద కుమారుడే ఆమెను బస్సెక్కించి తీసికొనిపోయెను. కాగితము ట్రంకు పెట్టెలో నున్నది. తాళపుచెవి ఆళ్లగడ్డ కుమార్తె యొద్ద ఉన్నది.