అద్దె గదికి మతం అడ్డమా?

హైదరాబాద్ అశోక్‌నగర్‌లో గ్రూప్స్ ఉద్యోగ పరీక్షలకు చదువుతున్న ఓ పాఠకుడి ప్రశ్న: పేరు వినగానే ఓనరు గది లేదన్నారు, ఇది రాజ్యాంగ విరుద్ధం కాదా?

ఆయన బాధ న్యాయమైనదే. కానీ చట్టంలో ఇక్కడే లోటుంది. మత వివక్ష కూడదనే 15(1) అధికరణం ప్రభుత్వాన్నే కట్టడి చేస్తుంది, ఇంటి ఓనరును కాదు. ఒక గృహనిర్మాణ సహకార సంఘం సభ్యత్వాన్ని పార్సీలకే పరిమితం చేసుకోవడాన్ని కూడా 2005లో సుప్రీంకోర్టు సమర్థించింది.

ఆయనలాంటి వారు చదువుకునే చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయం సంగతి వేరు. అది ప్రభుత్వానిది, అక్కడ మతం కారణంగా ఎవరినీ కాదనరాదు.

15(2) ప్రకారం దుకాణాలు, హోటళ్లు కూడా మతం పేరిట ఎవరినీ ఆపరాదు. ఇది ప్రైవేటు విద్యాసంస్థలకూ వర్తిస్తుందని 2011లో సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి నారాయణగూడ కోచింగ్ సెంటర్లనూ ఈ ఆధారంతో నిలదీయవచ్చు. డబ్బు తీసుకుని గదులిచ్చే హాస్టల్ కూడా హోటల్ లాంటిదేనని వాదించవచ్చు.

అద్దె ఇళ్లకు మాత్రం ప్రత్యేక చట్టం కావాలి. వివక్షను నిషేధిస్తూ శశి థరూర్ లోక్‌సభలో పెట్టిన ప్రైవేటు మెంబర్ బిల్లు చట్టం కాలేదు.